పండుకాయ ఏది, పచ్చికాయ ఏది?

ప్రశ్న: నమస్తే అండీ. మేం ముగ్గురం ఇంజినీరింగ్‌లో క్లాస్‌మేట్లం. నరసరావుపేటలో ఉండి ఫోన్‌కు ఒక గేమ్ చేస్తున్నాం. గుంటూరు మిర్చి యార్డు నేపథ్యం. పైనుంచి కాయలు పడుతుంటాయి. పండుకాయను కుడివైపు టిక్కీలోకి (మిర్చి బస్తాలోకి), పచ్చికాయను ఎడమవైపు టిక్కీలోకి స్వైప్ చేయాలి. తాలుకాయ వస్తే పైకి విసిరేయాలి. మధ్యలో వేలం గంట మోగుతుంది, మోగిన 2 సెకన్లలో తాకితే మంచి రేటు వస్తుంది. లెవెల్ చివర లారీ లోడింగ్: ఎంత వేగంగా ట్యాప్ చేస్తే అంత త్వరగా టిక్కీలు లారీ ఎక్కుతాయి. యూనిటీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాం, ముప్పావు వంతు అయిపోయింది.

మొన్న పండక్కి మా మేనమామ కొడుక్కి ఆడమని ఇచ్చాను. సగం పండుకాయలు పచ్చికాయల టిక్కీలో వేశాడు. వాడికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదని ఇంట్లో ఎవరికీ తెలియదు, వాడికే తెలియదు. తర్వాత మా వీధిలో ఇంటర్ చదివే అమ్మాయికి ఇచ్చాం. తనకు సెరిబ్రల్ పాల్సీ, ఒంటి కదలికలు అదుపులో ఉండవు. ఫోన్‌లో గేమ్స్ బాగా ఆడుతుంది. మా గేమ్‌లో మాత్రం స్వైప్ దగ్గరే ఆగిపోయింది. "కాయ ఎటు వెయ్యాలో నాకు తెలుసన్నా, వేలే మాట వినదు" అంది. మాలో ఒకడేమో "ఇలాంటివాళ్లు ఎంతమంది ఉంటార్రా, ముందు ప్లే స్టోర్‌లో పడనీ. అయినా అన్నీ సులువు చేసేస్తే మజా ఏముంటుంది?" అంటున్నాడు. చేతిలో డబ్బు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకోమాట, ఆ అమ్మాయి పేరు క్రెడిట్స్‌లో వేయాలని ఉంది. వేయొచ్చా?

సమాధానం:

మీ ప్రశ్నకు సగం జవాబు ఆ అమ్మాయే చెప్పేసింది. కాయ ఎటు వెయ్యాలో తనకు తెలుసు. మీ ఆట పెట్టే పరీక్ష ఏమిటో ఒకసారి ముగ్గురూ కూర్చుని కాగితం మీద రాయండి. పడుతున్న కాయ ఏ రకమో చటుక్కున పోల్చుకోవడం, ఎటు వెయ్యాలో తేల్చుకోవడం, వేగం పెరిగినా తడబడకపోవడం. ఇంతే కదా? ఆ పరీక్షలో తను పాసైంది. ఫెయిలైందల్లా గాజు మీద వేలు తిన్నగా జార్చడంలో. అది పరీక్ష కాదు, హాల్ టికెట్టు. హాల్ టికెట్ మీద సంతకం వంకరగా ఉందని గేటు దగ్గరే ఆపేసి, "మా పేపర్ చాలా కఠినం" అని చెప్పుకుంటే ఎలా ఉంటుందో మీ మిత్రుణ్ణి అడగండి.

మజా గురించి ఆయన అడిగినదానికి చదరంగాన్ని చూపించండి. చూపులేనివాళ్లు ఆడే బోర్డులో నల్లగళ్లు కాస్త ఎత్తుగా ఉంటాయి. ప్రతి గడి మధ్యలో చిన్న చిల్లు, పావు కింద అందులో దిగే మేకు. నల్లపావుల నెత్తిన సూదిమొనలాంటిది ఒకటి ఉంటుంది, తడిమితే ఎవరి పావో తెలిసిపోతుంది. ఎత్తు వేసినప్పుడు పైకి చెబుతారు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే నియమావళిలోనే దీనికి మార్గదర్శకాలున్నాయి. ఇందులో సులువైంది ఏముంది? గుర్రం గుర్రంలాగే దూకుతుంది. బోర్డును పట్టుకునే పద్ధతి మాత్రమే మారింది.

కాబట్టి మీ ఆటలో మనిషి చేయాల్సిన ప్రతి పనినీ విడిగా తీసి, ఇది పరీక్షా, హాల్ టికెట్టా అని అడుగుతూ పోండి. హాల్ టికెట్ అని తేలినదాన్ని ఎన్ని రకాలుగా వీలైతే అన్ని రకాలుగా వదులు చేయండి. పరీక్ష అని తేలినదాన్ని వెంటనే ముట్టుకోనక్కర్లేదు. అయితే దానికీ ఒక మీట పెట్టొచ్చు, అదేం పాపం కాదు. 2018లో వచ్చిన సెలెస్ట్ అనే గేమ్ కష్టానికి పేరుమోసింది. అందులో అసిస్ట్ మోడ్ ఆన్ చేస్తే ఆట వేగాన్ని సగం దాకా తగ్గించుకోవచ్చు, కావాలంటే చావే లేకుండా చేసుకోవచ్చు. హేడిస్ అనే ఇంకో గేమ్‌లో గాడ్ మోడ్ ఉంది: తగిలే దెబ్బలు మొదట 20 శాతం తగ్గుతాయి, చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం చొప్పున 80 శాతం దాకా తగ్గుతూ పోతాయి. అయినా ఆ రెంటినీ ఎవరూ చేతగాని ఆటలనలేదు. కష్టంగా ఆడాలనుకున్నవాడు కష్టంగానే ఆడుకున్నాడు.

ఇక "ఎంతమంది ఉంటారు" అన్న మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో చెప్పుకోదగ్గ వైకల్యం ఉన్నవాళ్లు సుమారు 130 కోట్లు, అంటే ప్రతి 6గురిలో ఒకరు. మన దేశంలో 2011 జనాభా లెక్కలు 2.68 కోట్లని చెప్పాయి. అప్పటికి మన చట్టం గుర్తించిన వైకల్యాలు 7. 2016లో వచ్చిన కొత్త చట్టం వాటిని 21 చేసింది. తమాషా ఏమిటంటే మీ మేనమామ కొడుకు ఆ 7లోనూ లేడు, ఈ 21లోనూ లేడు. ఎరుపు, ఆకుపచ్చ పోల్చుకోలేకపోవడం ఎక్స్ క్రోమోజోమ్‌తో వచ్చే సంగతి. అందుకే ఎక్కువగా మగవాళ్లలో కనిపిస్తుంది. యూరప్ మూలాలున్న మగవాళ్లలో 12 మందిలో ఒకరికి ఉంటుంది. మన దగ్గర అంతకంటే తక్కువే, కానీ కాలేజీలో ప్రతి సెక్షన్‌లో ఒకడు తగలడం వింతేమీ కాదు. రైల్వేలో లోకో పైలట్ ఉద్యోగానికి మెడికల్ టెస్టుకు వెళ్లి, చుక్కల బొమ్మలో అంకె చదవలేక, ఆరోజు తెలుసుకునేవాళ్లున్నారు. మీవాడికి ముందే తెలిసింది, మంచిదే. వాళ్ల అమ్మానాన్నలకు చెప్పి ఒకసారి కంటి డాక్టరుకు చూపించమనండి.

లెక్కల్లో ఎక్కనివాళ్లు ఇంకా ఉన్నారు. చెయ్యి విరిగి కట్టుతో ఉన్నవాడు, చంకలో పిల్లాడితో ఒంటిచేత్తో ఆడే తల్లి, ఇయర్‌ఫోన్స్ మర్చిపోయి బస్సులో సౌండ్ తీసేసి ఆడే కుర్రాడు, చత్వారం వచ్చిన మాస్టారు. యూబీసాఫ్ట్ కంపెనీ ఒక మంచి విషయం బయటపెట్టింది. వాళ్ల అసాసిన్స్ క్రీడ్ ఆరిజిన్స్‌లో సబ్‌టైటిల్స్ మొదట ఆఫ్‌లో ఉండేవి, 60 శాతం పైగా ఆటగాళ్లు వెతుక్కుని మరీ ఆన్ చేసుకున్నారు. తర్వాతి ఆట ఒడిస్సీలో మొదటే ఆన్‌లో పెట్టి వదిలారు, 95 శాతం మంది వాటిని తీసెయ్యలేదు. వాళ్లందరికీ చెవుడు ఉందా? లేదు కదా. ఈ ఒక్క సంగతి చాలు మీ మిత్రుడికి.

ఇప్పుడు మీ ఆట దగ్గరికి వద్దాం. ముందు రంగు.

ఎండుమిర్చి అమ్మే యార్డులో పచ్చికాయ ఎక్కణ్ణుంచి వచ్చిందని గుంటూరువాళ్లు నిలదీస్తే మీ తంటాలు మీరు పడండి, నేను అడగను. కానీ ఒకటి గమనించండి. కల్లంలో తాలు ఏరే ఆడవాళ్లు రంగొక్కటే చూడరు. కాయ నిగనిగలాడుతోందా, ముడతలు పడిందా, చివర తెల్లబారిందా, తొడిమ ఎలా ఉంది, ఇవన్నీ చూస్తారు. మీ బొమ్మల్లో మూడు కాయలూ ఒకే ఆకారం, రంగు ఒక్కటే మార్చి ఉంటారు, పందెం. పచ్చికాయను నిటారుగా, నున్నగా, తొడిమతో గీయించండి. పండుకాయను వంపు తిప్పి, ముడతలు వేసి, తొడిమ తీసేయండి. తాలుకాయ సగం తెల్లగా, పగిలి ఉండనివ్వండి. టిక్కీల మీద కూడా అదే కాయ బొమ్మ పెద్దగా వేయండి. చాలామంది డెవలపర్లు ఇవేమీ చేయకుండా మొత్తం స్క్రీన్ మీద "కలర్ బ్లైండ్ ఫిల్టర్" ఒకటి పరిచి చేతులు దులుపుకుంటారు. దానితో ఆకాశం ఊదాగా మారుతుంది, కాయ తేడా మాత్రం తెలియదు. ఆకారం మార్చితే ఫిల్టరే అక్కర్లేదు, అందరికీ కాయ ఇంకా త్వరగా తెలుస్తుంది.

దీన్ని సరిచూసుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎబౌట్ ఫోన్‌కు వెళ్లి బిల్డ్ నంబర్ మీద 7 సార్లు తాకితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో సిమ్యులేట్ కలర్ స్పేస్ అని ఉంటుంది. దాన్ని మోనోక్రోమసీలో పెడితే ఫోనంతా నలుపు తెలుపైపోతుంది. అలా పెట్టి మీ మిత్రుడి చేతికి ఇచ్చి, 3వ లెవెల్ దాటమనండి.

చేతుల విషయం ఇంకొంచెం పెద్దది. ఆ అమ్మాయి ఆడేటప్పుడు ఫోన్ ఎలా పట్టుకుంటుందో చూశారా? సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు చాలామంది ఫోన్ చేత్తో పట్టుకోరు. బల్ల మీదో, ఒళ్లో దిండు మీదో ఆనించి, ఒక వేలితోనో మెటికతోనో తాకుతారు. కొందరికి వేలు తగిలాక వెంటనే పైకి లేవదు, లేచేలోపు కొంచెం జారుతుంది. మీ కోడ్ ఆ జారుడును స్వైప్ అనుకుంటుంది. ఇంకొందరు స్వైప్ మొదలుపెట్టగలరు, కానీ గీత సగంలో వంగిపోతుంది, పండుకాయ కాస్తా పైకి ఎగిరి తాలులో కలుస్తుంది. యూనిటీ ఈవెంట్ సిస్టమ్‌లో డ్రాగ్ థ్రెషోల్డ్, అంటే వేలు ఎంత జారితే జారినట్టు లెక్కో చెప్పే కొలత, మామూలుగా 10 పిక్సెల్స్ ఉంటుంది. ఈ రోజుల్లో ఫోన్ల స్క్రీన్ మీద 10 పిక్సెల్స్ అంటే మిల్లీమీటరు కూడా కాదు. వణికే వేలికి అది చాలదు. దాన్ని స్క్రీన్ సాంద్రతను బట్టి పెంచండి.

అంతకంటే మేలైన దారి, స్వైప్ ఉండనిస్తూనే పక్కన ఇంకో పద్ధతి పెట్టడం: టిక్కీని తాకితే చాలు, కాయ అందులోకి వెళ్లిపోతుంది. కుడి టిక్కీ, ఎడమ టిక్కీ, తాలు బుట్ట, మూడే మూడు పెద్ద బటన్లు. తాకే చోటు కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్ వాడే స్క్రీన్ కొలత) ఉండాలని ఆండ్రాయిడ్ సూచన, అది దాదాపు 9 మిల్లీమీటర్లు. మీ ఆటకు అది కనీసం మాత్రమే, అడుగున మొత్తం వెడల్పును మూడు భాగాలు చేసి ఇచ్చేయండి. ఒకే చేత్తో ఆడేవాళ్ల కోసం మూడింటినీ ఒక పక్కకు చేర్చే వీలు ఇవ్వండి, కుడికీ ఎడమకీ. వేలు రెండుసార్లు తగిలేవాళ్ల కోసం "వెంటవెంటనే పడిన తాకిడిని లెక్కచేయొద్దు" అన్న సెట్టింగ్ ఒకటి, ఎంతసేపు లెక్కచేయకూడదో వాళ్లే జరుపుకునేలా. ఐఫోన్‌లో టచ్ అకామడేషన్స్ పేరుతో ఇలాంటిది ఫోన్‌లోనే ఉంది, ఎలా పనిచేస్తుందో ఒకసారి చూడండి.

లారీ లోడింగ్‌లో గబగబా ట్యాప్ చేయడం ఉందే, దాన్ని తీసి పారేయమనే నా సలహా. మీకు మనసొప్పకపోతే "నొక్కి పట్టుకుంటే చాలు" అని ఇంకో పద్ధతి పెట్టండి. 2018 నాటి స్పైడర్‌మ్యాన్ గేమ్‌లో సరిగ్గా ఇదే చేశారు: వరసగా బటన్ కొట్టాల్సిన చోట నొక్కి పట్టుకుంటే సరిపోయేలా సెట్టింగ్ ఇచ్చారు. కీళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ గబగబ ట్యాపింగ్ నరకం. పైగా అది మీ కాగితం మీద రాసుకున్న పరీక్షలో ఎక్కడా లేదు.

కీబోర్డు కూడా పనిచేసేలా చేయండి. ఇది చాలామంది ఫోన్ గేమ్‌కు ఎందుకని వదిలేస్తారు. 2018 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. అరచేయంత బటన్లు రెండు, వెనక వరసగా 19 జాక్‌లు. కాలితో తొక్కే పెడలో, గడ్డంతో నొక్కే బటనో, ఎవరికి ఏది వీలైతే అది తగిలించుకోవచ్చు. సోనీ 2023 డిసెంబర్‌లో ప్లేస్టేషన్ 5కు యాక్సెస్ కంట్రోలర్ తెచ్చింది. వచ్చినప్పుడు ఇవి 90, 100 డాలర్ల సరుకు. మన ఊళ్లలో అందరికీ అందేవి కావు. కానీ కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ కీబోర్డు, ఒక ఓటీజీ కేబుల్ ఉంటే ఫోన్‌కు తగిలించుకోవచ్చు. పెద్ద కీలున్న కీబోర్డులో మూడు కీలు మాత్రం ఎంచుకుని మోచేత్తోనైనా ఆడొచ్చు. అందుకు మీరు చేయాల్సింది ఏ కీ ఏ పని చేయాలో ఆటగాడు మార్చుకునే ఒక స్క్రీన్. మూడు పనులకు అది ఎంత పని? మీకే తెలుసు.

వేలం గంట సంగతి త్వరగా చెప్పేస్తాను. చెవికి మాత్రమే తెలిసే ఏ సంగతీ ఆటలో ఉండకూడదు. గంట మోగినప్పుడు స్క్రీన్ అంచున గంట బొమ్మ ఊగాలి, ఫోన్ వైబ్రేట్ కావాలి. ఫోర్ట్‌నైట్‌లో అడుగుల చప్పుడు, తుపాకీ మోత ఎటువైపు నుంచి వస్తున్నాయో మధ్యలో వలయంలా చూపించే సెట్టింగ్ ఉంది, దాన్ని చెవులు బాగున్నవాళ్లూ ఆన్ చేసుకుంటారు. 2 సెకన్ల గడువును 5 దాకా పెంచుకునే వీలు పెట్టండి. సంగీతానికి, చప్పుళ్లకు, మాటలకు వాల్యూమ్ వేర్వేరుగా ఉంచండి.

ఇప్పుడు ఎవరూ పట్టించుకోని సంగతి, మనకు మాత్రమే ఉన్న తలనొప్పి: తెలుగు అక్షరాలు. అక్షరాలు చూపించడానికి యూనిటీలో అందరూ వాడే టెక్స్ట్‌మెష్ ప్రోకు తెలుగు వత్తులు కట్టడం రాదు. మీ ఆటలో వచ్చే మాటలే తీసుకోండి. "మిర్చి" అని టైప్ చేస్తే "మిర్‌చి" అని పొల్లుతో విడిపోయి కనబడుతుంది. "టిక్కీ" కాస్తా "టిక్‌కీ" అవుతుంది. మీరు దీనికి ఏం చేసుంటారో ఊహించగలను, అందరూ చేసేదే: ఫొటోషాప్‌లో మాటలు రాసి బొమ్మలుగా ఎక్కించి ఉంటారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ అది అక్షరం కాదు, బొమ్మ. పెద్దది చేస్తే మసకబారుతుంది. నేపథ్యం నల్లగా, అక్షరం తెల్లగా మార్చుకునే వీలుండదు. చూపులేనివాళ్లకు స్క్రీన్ మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అందులో చదవడానికి ఏమీ ఉండదు. ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాలు పెద్దవి చేసుకున్న మాస్టారికి మీ ఆటలో మాత్రం అవి చీమలంతే ఉంటాయి.

యూనిటీ 6 తరంలో మెనూలు, బటన్లు కట్టే యూఐ టూల్‌కిట్‌కు కొత్తగా అడ్వాన్స్‌డ్ టెక్స్ట్ జనరేటర్ వచ్చింది, అది వత్తులను సరిగ్గా కడుతుంది. మెనూలూ సూచనలూ అందులోకి మార్చండి. ఇంకో ఆట మొదలుపెట్టేటప్పుడైతే గోడో 4 అనే గేమ్ ఇంజిన్‌నూ చూడండి, అందులో తెలుగు మొదటినుంచీ సరిగ్గానే వస్తుంది. అక్షరం నిజంగా అక్షరమయ్యాక సైజు మార్చే మీట పెట్టడం ఎంతసేపు? పంక్తుల మధ్య ఎడం మాత్రం ఇంగ్లిష్ కొలత వాడకండి. "వస్త్రం", "రాష్ట్రం" లాంటి మాటలు వస్తే కింది వత్తులు తర్వాతి పంక్తి గుడులను గుద్దుకుంటాయి, లేదా పెట్టె అంచున తెగిపోతాయి. చూపు తక్కువున్నవాళ్లకు మాటను పోల్చుకోవడానికి వత్తు కూడా కావాలి. అది తెగితే మాట పోయినట్టే. కాయలు పడే బొమ్మ మీదే అక్షరాలు పరిచేస్తారు కొందరు. వెనక చిక్కటి రంగు పట్టీ వేయండి. సూచనలు చిన్న వాక్యాల్లో, వాటంతట అవి మాయం కాకుండా, తాకితేనే ముందుకు వెళ్లేలా ఉంచండి. పుట్టుచెవుడు ఉన్నవాళ్లలో చాలామందికి సైగల భాష మొదటిది, తెలుగు రెండోది. నిదానంగా చదవాల్సినవాళ్లు వాళ్లొక్కరే కాదు కూడా.

చూపు అసలే లేనివాళ్ల మాటేమిటని మీరు అడగలేదు. అడగకపోయినా చెబుతాను, ఎందుకంటే ఈ ఆటకు అది అనుకున్నంత దూరం కాదు. 2020 జూన్‌లో వచ్చిన ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2లో 60కి పైగా ఇలాంటి సెట్టింగ్స్ పెట్టారు, చూపులేనివాళ్లు మొదటినుంచి చివరిదాకా ఆడి ముగించారు. 2023 అక్టోబర్‌లో వచ్చిన ఫోర్జా మోటార్‌స్పోర్ట్‌లో మలుపు ఎటు, రోడ్డు అంచు ఎంత దగ్గర, బ్రేక్ ఎప్పుడు అన్నవన్నీ చప్పుళ్లతో చెప్పే ఏర్పాటుంది. అదే ఏడాది వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6లో ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడో శబ్దమే చెబుతుంది. వాళ్ల వెనక ఉన్న డబ్బు మీ వెనక లేదు, నిజమే. కానీ వాళ్లు మొత్తం ఊరిని చెవికి వినిపించాల్సి వచ్చింది. మీరు వినిపించాల్సింది 3 కాయలను. ఎండిన పండుకాయను చెవి దగ్గర ఊపి చూడండి, లోపల గింజలు గలగలమంటాయి. పచ్చికాయను విరిస్తే పుటుక్కుమంటుంది. తాలుకాయను నలిపితే పెళుసుగా పొడి అవుతుంది. ఈ మూడు చప్పుళ్లూ మీ ఫోన్‌లోనే రికార్డ్ చేసుకోండి. కాయ పడటం మొదలైనప్పుడు దాని చప్పుడు, కిందికి వచ్చేకొద్దీ శ్రుతి తగ్గుతూ. అంతే, కళ్లు మూసుకుని ఆడొచ్చు. మొదట మీరు మూసుకుని ఆడండి.

దానికి ముందు మెనూ దాటాలి కదా. యూనిటీ ఆట మొత్తం ఫోన్‌కు ఒకే బొమ్మలా కనబడుతుంది. అందులో ఎక్కడ ఏ బటన్ ఉందో ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడరైన టాక్‌బ్యాక్‌కు తెలియదు. ఒకటి రెండు బటన్లతోనే ఫోన్ నడిపించే స్విచ్ యాక్సెస్ వాడేవాళ్లదీ ఇదే గోల. యూనిటీ 6లో మీ బటన్ల పేర్లను టాక్‌బ్యాక్‌కూ ఐఫోన్‌లోని వాయిస్‌ఓవర్‌కూ అందించే ఏర్పాటు ఉంది. కనీసం మెనూ, సెట్టింగ్స్, స్కోరు దానికి అందించండి. గూగుల్ గొంతుకు తెలుగు వచ్చు, చదివి వినిపిస్తుంది. ఇది మొదటి విడుదలకు కాకపోతే రెండో విడుదలకు. ఇందులో తొందరపెట్టను.

తొందరపడాల్సింది ఒకటుంది. వరసగా 10 కాయలు సరిగ్గా వేస్తే స్క్రీనంతా ఎర్రగా టపటపా మెరిసేలా ఏమన్నా పెట్టారా? మిర్చి ఆట కదా, పెట్టే ఉంటారు. తీసేయండి. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్ ఒక భాగంలో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మారుతూ మెరిసేసరికి 600 మందికి పైగా, ఎక్కువగా పిల్లలు, ఆస్పత్రుల పాలయ్యారు. 2020లో సైబర్‌పంక్ 2077 గేమ్‌లోనూ ఒక దృశ్యం ఆడుతూ మూర్ఛ వచ్చిందని ఒక విలేఖరి రాశాక ఆ కంపెనీ దాన్ని సవరించింది. సెకనుకు 3 సార్లకు మించి మెరుపు వద్దన్నది వెబ్ ప్రమాణాల మాట, అందులోనూ చిక్కటి ఎరుపు ఎక్కువ ప్రమాదం. ఇది సెట్టింగ్‌గా పెట్టే వ్యవహారం కాదు, అసలు ఉండకూడదు.

ఈ సెట్టింగ్స్ అన్నీ ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యమే. ఆట మొదటిసారి తెరవగానే, లోగోల తర్వాత, ఒక స్క్రీన్ రానివ్వండి: అక్షరాల సైజు, తాకే పద్ధతి, వేగం, చప్పుడు. తర్వాత ఎప్పుడైనా, లెవెల్ మధ్యలో కూడా, మార్చుకోనివ్వండి. దానికి "దివ్యాంగుల మోడ్" అని పేరు పెట్టకండి. మీ మేనమామ కొడుకు దాన్ని చచ్చినా తెరవడు. "ఆడే పద్ధతి" అంటే సరిపోతుంది. అన్నింటినీ ఒకే బటన్‌కు కట్టకండి కూడా. చెయ్యి వణికేవాళ్లకు చప్పుడు బొమ్మలు అక్కర్లేదు, చెవుడు ఉన్నవాళ్లకు వేగం తగ్గించాల్సిన పనిలేదు. స్కోరు పట్టికలో టిక్కీని తాకి ఆడినవాళ్లనూ స్వైప్ చేసినవాళ్లనూ కలిపే ఉంచండి, అది హాల్ టికెట్ కదా. వేగం తగ్గించుకున్నవాళ్లకు ఆ వేగానికి వేరే పట్టిక ఇవ్వండి, పట్టికే లేకుండా చేయొద్దు.

"ముందు ప్లే స్టోర్‌లో పడనీ" అన్నదానికి నా జవాబు ఇది. కాయ బొమ్మలు మార్చడం, మూడు బటన్లు, నొక్కి పట్టే లోడింగ్, గంట బొమ్మ, మెరుపు తీసేయడం, ఈ 5 పనులు విడుదలకు ముందే చేయాలి. మీ లెవెల్స్ వేగం ఇంకా గట్టిపడలేదు కాబట్టి ఇప్పుడు చవక. అన్ని లెవెల్స్‌నూ స్వైప్ వేగానికి సరిచూసి వదిలాక టిక్కీని తాకే పద్ధతి పెడితే ప్రతి లెవెల్‌నూ మళ్లీ తూచుకోవాలి. అప్పుడు మీ మిత్రుడే "వద్దులేరా" అంటాడు. అక్షరాల పని రెండోది. చెవితో ఆడే పద్ధతి, స్క్రీన్ రీడర్ ఆ తర్వాత. చాట్ పెట్టే ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం మళ్లీ రాయండి. చాట్ లాంటివి వైకల్యం ఉన్నవాళ్లూ వాడుకునేలా ఉండాలని అమెరికాలో 2010 నాటి చట్టం ఒకటుంది, ఆటల్లోని చాట్‌కు దాన్నుంచి ఇచ్చిన మినహాయింపు 2018 చివరితో అయిపోయింది. ప్లే స్టోర్‌లో ఆట గురించి రాసేచోట ఏమేం ఉన్నాయో, ఏవి ఇంకా లేవో రెండూ రాయండి. డౌన్‌లోడ్ చేసుకుని, ఆడలేక, తీసేసే బాధ వాళ్లకు తప్పుతుంది.

చివరిగా ఆ అమ్మాయి సంగతి. పేరు వేయొచ్చా అని నన్ను అడగడం ఎందుకు, తననే అడగండి. మైనరైతే ఇంట్లోవాళ్లను కూడా. కొందరికి పేరు ఇష్టం, కొందరికి వీధిలో ఆ గుర్తింపు ఇష్టముండదు. వేయమంటే "ప్రత్యేక కృతజ్ఞతలు" కింద అమ్మానాన్నల పేర్ల పక్కన వేయకండి, "టెస్టింగ్" కింద వేయండి, ఎందుకంటే తను చేసింది అదే. అయితే ఒకసారి ఆడించి పేరు వేసేస్తే అది టెస్టింగ్ కాదు. మూడు బటన్లు పెట్టాక మళ్లీ పిలవండి. తను ఆడుతున్నప్పుడు మీరు ముగ్గురూ నోరు మూసుకుని కూర్చోండి, ఫోన్ చేతిలోంచి తీసుకుని "ఇలా కాదమ్మా" అనకండి. ఎక్కడ ఆగిందో, వేలు ఎటు జారిందో రాసుకోండి. గంటకు ఇంత అని ముందే మాట్లాడుకుని ఇవ్వండి, డబ్బు లేదంటే ఆట అమ్ముడయ్యాక వాటాగానైనా కాగితం మీద రాసి ఇవ్వండి. చాక్లెట్లతో సరిపెట్టకండి.